ఆదివారం నాలాకా, కట్టుకాలువకా?

హన్మకొండలో ఉండి సెలవురోజు వాగులు, కాలువలు బాగుచేసే పని చేద్దామనుకుంటే రెండు దారులు. నయీంనగర్ నాలాలాంటి చోట చెత్త తీయడం ఒకటి. ఊరికి పోయి కట్టుకాలువ, అంటే చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ, బాగుచేయడం ఇంకోటి. నేను రెండూ చేసిన.

నాలా పని వెంటనే కనపడుతది. రెండు గంటల్లో బస్తాలకు బస్తాలు: కవర్లు, థర్మాకోల్, ఒకసారి ఏకంగా పరుపు! ఫొటో మస్తుగ వస్తది. ఒక్క పెద్ద వాన పడితే మాత్రం పైనుంచి మళ్లీ అంతే చెత్త. మురుగు కదా, గమ్ బూట్లు, గ్లౌజులు లేకుండా దిగొద్దు. కాలికి పుండుంటే ఎలుక జ్వరం భయం.

కట్టుకాలువ పని అట్ల కాదు. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి (అలుగు) దుంకితేనే కిందిదానికి నీళ్లు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసిన్రు. నీళ్లొచ్చే కాలువే పూడితే ఆ లోతు ఏం చేసుకోను? అసలు శత్రువు సర్కారు తుమ్మ. పైపైన నరికితే మొదలు నుంచి గుబురుగా చిగురిస్తది. మట్టి తవ్వి, అడుగు లోతున కోయాలె. ముల్లు చెప్పులోంచి దిగుతది. ఒక్క మొదలు తీయనీకి ఇద్దరికి ఒక పూట పట్టింది.

ఒక్క ఆదివారమే ఖాళీ ఉంటే నాలాకే పోండి. ఎండాకాలం నాలుగు వారాలు తీయగలిగితే కట్టుకాలువకు. పక్క చెలక రైతును ముందే కలవండి. లేకుంటే మాకైనట్టే: "ఏందే తమ్మీ, హద్దు జరుపుతున్నరా?"