పాత పైపర్ కొంటున్నారా? అడ్వాన్స్ పంపకముందే లాగ్‌బుక్కులన్నీ తెప్పించుకోండి

అమెరికాలో పైలట్ లైసెన్సు తీసుకుని, సొంతానికి పాత విమానం చూసుకుంటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. టెక్సాస్‌లో నేను 3,000 డాలర్ల అడ్వాన్స్ పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకండి.

నేను చూసింది పైపర్ ఆర్చర్, పైపర్ కంపెనీ చేసిన చిన్న విమానం. 7,000 గంటలు ఎగిరింది. కొత్త పెయింట్, కొత్త రేడియోలు. "రెక్కల ఏడీ దీనికి అక్కర్లేదు, మెకానిక్ రాసిచ్చాడు" అన్నాడు అమ్మేవాడు. నమ్మి డబ్బు పంపేశాను.

ఏడీ అంటే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చే తప్పనిసరి ఆదేశం. 2018 ఏప్రిల్ 4న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో శిక్షణకు వాడే పైపర్ యారో (అదే కంపెనీ విమానం) ఒకటి పైకి లేస్తుండగానే ఎడమ రెక్క ఊడిపోయింది. నడుపుతున్న విద్యార్థి, పరీక్ష పెడుతున్న ఎగ్జామినర్ ఇద్దరూ చనిపోయారు. రెక్క బరువు మోసే స్పార్‌లో, బోల్టు రంధ్రం దగ్గర లోహం అలసి పగులు వచ్చింది. పైనుంచి టార్చి వేసి చూస్తే కనపడే పగులు కాదది. అందుకే 2021 ఫిబ్రవరి నుంచి 2020-26-16 నంబరు ఏడీ అమల్లోకి వచ్చింది. బోల్టులు తీసి, రంధ్రాల లోపల ఎడ్డీ కరెంట్ పరీక్ష, అంటే కంటికి కనపడని పగుళ్లను విద్యుత్ ప్రవాహంతో పట్టే పరీక్ష, చేయాలి. పగులు ఉంటే స్పార్ మార్చేదాకా ఎగరకూడదు.

ఏ విమానానికి ఈ పరీక్ష కావాలో ఒక లెక్క చెబుతుంది. మోసం జరిగేది ఆ లెక్క దగ్గరే. ఫ్లయింగ్ స్కూల్లో తిరిగిన విమానానికి ప్రతి 100 గంటలకూ తనిఖీ ఉంటుంది. ఆ తనిఖీలు ఎన్నో లెక్కపెట్టి 100తో గుణించాలి. మొత్తం గంటల్లో అవి పోగా మిగిలినవాటిని 17తో భాగించి దానికి కలపాలి. 5,000 చేరితే పరీక్ష తప్పదు. మెకానిక్ 31 తనిఖీలని రాశాడు, అంటే సుమారు 3,329. స్కూల్లో తిరిగిన రోజుల పాత లాగ్‌బుక్ (తనిఖీలు, మరమ్మతులు రాసిపెట్టే పుస్తకం) నాకు ఆలస్యంగా వచ్చింది. రాత్రంతా కూర్చుని లెక్కపెడితే 52 తేలాయి, అంటే దాదాపు 5,306! మా పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఎగరాలనుకున్న విమానం అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పరీక్ష చేయిద్దామంటే అమ్మేవాడు ఒప్పుకోలేదు. బోల్టులు తీసేటప్పుడు రంధ్రం గీసుకుపోతుందన్నాడు. ఆ భయం ఉత్తదేమీ కాదు, చెయ్యి తిరిగినవాళ్లే చేయాల్సిన పని. కానీ నేను వద్దనుకోగానే, కొనేవాడు వెనక్కి తగ్గితే అడ్వాన్స్ తిరిగి ఇవ్వనక్కర్లేదన్న షరతు చూపించాడు. కాగితంలో నిజంగానే ఉంది, సంతకం నాదే.

మొదటి రోజు నుంచి ఉన్న లాగ్‌బుక్కులన్నీ ముందే అడగండి. ఒకటి పోయిందంటే, ఆ తనిఖీలు లెక్కకు అందవు కాబట్టి పరీక్ష చేయించాల్సిందే. పరీక్ష చేసేవారికి ఎడ్డీ కరెంట్‌లో లెవెల్ 2 లేదా 3 సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. ఏడీ పూర్తికాకపోతే అడ్వాన్స్ వాపసు అని ఒప్పందంలో రాయించుకోండి.

ఆ విమానం ఇంకా అమ్మకానికే ఉంది. ప్రకటనలో "ఏడీలన్నీ పూర్తి" అన్న మాట ఈ రోజు పొద్దున కూడా చూశాను.