పుట్టి మేలా, తెరచాప పడవ మేలా? నాగార్జునసాగర్ వెనుక నీళ్ల మీద గాలికి ఆగే లెక్క

దేవరకొండ నుంచి నేరేడుగొమ్ము వైపు వచ్చి కృష్ణ ఒడ్డున వైజాగ్ కాలనీ రేవులోకి దిగితే రెండు రకాల పనితనం పక్కపక్కనే కనబడుతుంది. ఒక పక్కన తారు పూసి బోర్లించిన పుట్టీలు, అంటే గుండ్రని బుట్ట పడవలు, మరో పక్కన సముద్రతీరం నుంచి చేపల వేటకు వలస వచ్చిన కుటుంబాల పలకల పడవలు. ఊరికి ఆ పేరు వచ్చిందే ఆ కుటుంబాల వల్ల. పుట్టి ఈ నదిలో పుట్టింది, పడవ సముద్రం నేర్పిన చదువుతో ఇక్కడికి వచ్చింది. నది దాటడానికో, ఒకటి రెండు రోజులు నీటి మీద తిరగడానికో ఈ రెండింటిలో ఏది మేలని అడిగేవారు సాధారణంగా వేగం గురించీ, ఎంతమంది పడతారనే దాని గురించీ అడుగుతారు. నన్నడిగితే, గాలి ఎదురైనప్పుడు మనం ఎక్కడ ఆగిపోతాం అన్నదే ముందు అడగవలసిన ప్రశ్న.

సిద్ధం చేయడంలో పుట్టిదే పైచేయి. వెదురు బద్దల అల్లికకు ఒకప్పుడు తోలు తొడిగేవారు, ఇప్పుడు తాడిపత్రి కవరో ప్లాస్టిక్ సంచులో కప్పి తారు పూస్తున్నారు. బయలుదేరే ముందు చేయవలసిన పరీక్ష ఒక్కటే. పుట్టిని ఎండలో బోర్లించి దాని కిందికి దూరి కూర్చుంటే, చీకట్లో ఎక్కడెక్కడ చిల్లులున్నాయో చుక్కల్లా వెలుగుతాయి. వేలితో ఒక్కొక్కదాన్ని మూసి చూస్తూ బొగ్గుతో గుర్తు పెట్టుకుని, బయటి నుంచి వేడి తారుతో గుడ్డముక్క అంటిస్తే గంటలో పని ముగుస్తుంది. తెడ్డు, నీళ్లు తోడే డబ్బా, ఒక తాడు ఉంటే చాలు.

పడవ అలా కాదు. వేసవిలో ఒడ్డున ఎండిన పలకలు కుదించుకుపోయి సందులు తెరుచుకుంటాయి కాబట్టి వాటిలో పత్తి దారం కూరి, తారు పోసి, ఆ తరువాత ఒకటి రెండు రోజులు నీటిలో నాననిస్తే తప్ప చెక్క మళ్లీ ఉబ్బి బిగుసుకోదు. చుక్కాని చూసుకోవాలి, లంగరు తాడు చూసుకోవాలి, యూరియా సంచులు కలిపి కుట్టిన తెరచాపలో కుట్లు చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా చాపను పైకి లాగే తాడు తెరచాప కొయ్య కొనన ఉన్న రంధ్రంలో ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడ దాన్ని విప్పి చూడాలి. కింద నుంచి చూస్తే ఆ తాడు కొత్తదానిలాగే ఉంటుంది. నేను ఒకసారి కింద నుంచే చూసి సరిపెట్టుకున్నాను. నది నడుమ అది సగం తెగి రంధ్రంలో ఇరుక్కుపోవడంతో చాప పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. కింది కొనను జారుముడి వేయకుండా గట్టి ముడి వేసిన తెలివి కూడా నాదే. తడిసిన ముడి గోళ్లకు లొంగదు కనుక చివరకు కత్తితో కోసి చాపను గాలికి వదిలేయవలసి వచ్చింది.

ఇక గాలి సంగతి. శ్రీశైలం దిగువ నుంచి సాగర్ వైపు నది కొండల నడుమ ఈశాన్యంగా సాగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి ఆ కొండల సందులో దూరి మరింత బలపడుతుంది. ఏలేశ్వరం దగ్గర డిండి వాగు కలిసే చోట లోయ ఒక్కసారిగా విచ్చుకోవడంతో అంతవరకూ వెనుక నుంచి తోసిన గాలి పక్క నుంచి కొట్టవచ్చు. గాలి వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటితే నీటిమీద తెల్లని నురగలు చాలాచోట్ల లేస్తాయి. పుట్టికి నేను పెట్టుకున్న హద్దు అదే, ఆ నురగలు కనబడితే తాడు విప్పను. గాలి వేగం రెట్టింపైతే చాప మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుందన్న మాట మరిచినవారే 20 కిలోమీటర్ల గాలిలో బాగా నడిచిన పడవ 40 కిలోమీటర్ల గాలిలోనూ నడుస్తుందనుకుంటారు.

ఇక్కడే రెండింటి గుణం తేలిపోతుంది. పుట్టికి అడుగున వెన్ను లేదు. గాలి వీస్తే తిరుగుతుంది, పక్కకు కొట్టుకుపోతుంది. అందువల్ల పుట్టి నడిపేవాడు ఎప్పుడూ ఇంటి రేవులోనే ఆగుతాడు. గాలి లేస్తే వెళ్లడు, అంతే. వెళ్లినా ఒడ్డు వెంబడే ఉంటాడు, మొగులు కమ్మితే దగ్గరి బండ చాటుకు చేరి పుట్టిని నెత్తిన వేసుకుని గట్టెక్కి, అదే పుట్టి కింద వానకు తలదాచుకుంటాడు. తెరచాప పడవ మనిషికి ఆశ పెడుతుంది. పడమటి గాలిలో నల్లగొండ ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకు శ్రమ లేకుండా తీసుకుపోతుంది, కానీ అడుగు చదునైన ఈ పడవలు గాలికి ఎదురు నడవలేవు కాబట్టి ఆ గాలి తగ్గేదాకా తిరిగి రావడం తెడ్లు వేసేవారి భుజాల మీద ఆధారపడుతుంది. అంటే వానకాలంలో పడవవాడు ఆగేది అవతలి ఒడ్డున. అవతల చాలామేర నల్లమల అడవి, పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా అక్కడ రాత్రి పొయ్యి రాజేసుకుని కూర్చునే వీలు లేదు. అందుకే ఈ కాలంలో పడవలో వెళ్లేవారు రెండు పూటల బియ్యం, తాగునీరు, తాడిపత్రి కవరు వేసుకోవడం కంటే ముందు, ఇవతలి ఒడ్డునే గాలి చాటున్న కయ్యలు, అంటే ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన నీటి పాయలు, ఎక్కడున్నాయో తెలుసుకుని పెట్టుకోవాలి.

ఏప్రిల్, మే నెలల్లో లెక్క వేరు. పొద్దున నీరు అద్దంలా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక ఉరుముల మబ్బు కింద నుంచి గాలిదుమారం నిమిషాల్లో వచ్చిపడుతుంది. హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా మూడు గంటలకోసారి ఇచ్చే హెచ్చరికలో గాలి 41 నుంచి 61 కిలోమీటర్లని ఉంటే పుట్టీ వద్దు, పడవా వద్దు. రేవులో ఒక పెద్దాయన ఫోన్ చూడడు. పడమట ఆకాశం కింది అంచు నల్లబడి చల్లగాలి ముఖానికి తగిలితే చాలు, “ఇంక ఆగుదాం బాబూ, అది దిగిపోయాకే ఎల్దాం” అంటాడు. నేను రెండూ చూస్తాను, తేడా వస్తే ఆయన మాటే వింటాను. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. వేసవికి నీరు బాగా వెనక్కి పోయి రేవు బురదగా మారినప్పుడు, మునిగిన మొద్దులు పైకి తేలినప్పుడు, అరచేతి లోతు నీటిలోనూ కదిలే పుట్టి ముందు పడవ నిలవలేదు.

ఇంజను బిగించిన ఫైబర్ పడవ ఎదురుగాలిని దాటిస్తుంది. అయితే నడుమ ఆగిపోయిన ఇంజనుతో పోలిస్తే చిల్లుపడిన పుట్టి నయం. దానికి చాపా తెడ్డూ కూడా పెట్టుకుంటే తప్ప నేనెక్కను.

కాబట్టి మార్చి నుంచి మే దాకా పొద్దున పది లోపు, ఒడ్డు వెంట, పుట్టి. వానకాలంలో అవతలికి పోవలసిన పని నిజంగా ఉంటే తప్ప ఏదీ వద్దు. డిసెంబరు, జనవరిలో మాత్రం నేను పడవకే ఓటు వేస్తాను. అప్పుడు తూర్పు గాలి వీస్తుంది కనుక తెల్లవారకముందు నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు తెడ్లు వేసుకుని అవతలికి పోయి, పొద్దెక్కి గాలి లేచాక చాప ఎత్తితే అదే ఇంటి రేవుకు తోసుకొస్తుంది, ఆలస్యమైతే ఆగేది కూడా మన ఒడ్డునే. అప్పుడైనా పడవలో ఒక చిన్న పుట్టిని బోర్లించి వేసుకుంటాను, జారుముడి రెండుసార్లు లాగి చూసుకుంటాను.