యొక్‌మొక్‌లో రెయిన్‌డీర్ టూర్: స్లెడ్జి కోసమైతే వద్దు, కాఫీ కోసమైతే వెళ్ళండి

ముందే చెప్తున్నా, ఫోటోల కోసమైతే ఈ టూర్ డబ్బు దండగ. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, ఆ నాలుగూ చివరి గంటన్నరకే.

స్వీడన్‌లోని లూలియోలో చదువుకుంటున్న మేం ముగ్గురం మార్చిలో బస్సెక్కి యొక్‌మొక్ వెళ్ళాం. ఆర్కిటిక్ వలయం దాటగానే వచ్చే చిన్న ఊరు, ఇక్కడి ఉత్తర ప్రాంతపు ఆదివాసులైన సామి ప్రజలకు ముఖ్యమైన చోటు. 1605 నుంచి నడుస్తున్న వాళ్ళ సంత ఫిబ్రవరిలో జరుగుతుంది, అప్పుడు గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి, అందుకని అది అయ్యాకే వెళ్ళాం. టూర్ నడిపేది రెయిన్‌డీర్లు మేపుకునే ఒక సామి కుటుంబం. వాళ్ళింటి కష్టనష్టాలు చాలా చెప్పారు కాబట్టి పేరు ఇక్కడ రాయను.

మైనస్‌లు ముందు. బుకింగ్ సైటువాళ్ళు తొమ్మిదిన్నరకి బండి వస్తుందన్నారు, వచ్చింది పదింపావుకి. మైనస్ 18 చలిలో ముప్పావుగంట రోడ్డు మీద నిలబడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి, ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు. స్లెడ్జి మీద తిప్పింది పట్టుమని పది నిమిషాలు, చెట్ల చుట్టూ ఒక రౌండు. మా ఊళ్ళో ఎద్దుబండి మీద అంతకన్నా ఎక్కువ దూరం ఊరికే తిరిగాం. వాటి మేత లైకెన్ (నాచులాంటిది) చేత్తో తినిపించడం మాత్రం బాగుంది. మగవి శీతాకాలం మొదట్లోనే కొమ్ములు రాల్చేస్తాయట, మార్చిలో కొమ్ములతో కనిపించేవి చాలావరకు చూలుతో ఉన్న ఆడవే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

తర్వాత లావ్వు అనే గుడారంలో మంట చుట్టూ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కాఫీలో చీజ్ ముక్కలు వేస్తారు! మొదటి గుక్కకి మొహం చిట్లించాను గానీ మూడో కప్పు అడిగి మరీ తాగాను. అక్కడే ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. మాటల్లో పడి "మీకు ఎన్ని రెయిన్‌డీర్లు ఉన్నాయి?" అనేశాను. ఆ ఇంటావిడ నవ్వి "నీ బ్యాంకులో ఎంతుందో చెప్పు, అప్పుడు చెప్తా" అంది. సిగ్గుతో చచ్చిపోయాను, ఎందుకంటే కళ్యాణదుర్గం దగ్గర గొర్రెలు మేపే మా మేనమామ కూడా ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే "ఏవో ఉన్నాయిలే" అని తల పక్కకి తిప్పేసుకుంటాడు. తెలిసి తెలిసీ అడిగాను.

మామయ్య సంగతి, ఆయన గొర్రెల్ని ఎత్తుకుపోయే తోడేళ్ళ సంగతి నేను చెప్పాకే ఆవిడ అసలు విషయంలోకి వచ్చింది. వాళ్ళకి తోడేలు కన్నా రోజువారీ బాధ వోల్వరిన్, స్వీడిష్‌లో యెర్వ్. చూడ్డానికి చిన్న ఎలుగుబంటిలా ఉంటుంది గానీ మన కృష్ణా తీరంలో ఉండే నీటికుక్కకి దూరపు చుట్టం. పదీ పదిహేను కేజీల జంతువు అంతకు చాలా రెట్లు బరువుండే రెయిన్‌డీర్‌ని ఎలా పడగొడుతుందన్నది నా డౌటు. మంచే దాని బలం అంది ఆవిడ. వెడల్పాటి పాదాలతో అది మెత్తటి మంచు మీద తేలిపోతూ పరిగెడుతుంది, రెయిన్‌డీర్ మాత్రం పొట్ట దాకా కూరుకుపోతుంది. అదే గట్టి మంచయితే రెయిన్‌డీర్ తప్పించుకోగలదు. చంపినదాన్ని ఒక్కచోట తినదు, ముక్కలు చేసి రాళ్ళ సందుల్లో, మంచులో దాచుకుంటుంది. లింక్స్ అనే అడవిపిల్లి చంపిపెట్టిన వాటినీ వదలదు. ఫోన్‌లో ఆవిడ చూపించిన ఫోటోల్లో జంతువు ఒక్కదాన్లోనూ లేదు, మంచు మీద అడుగులు, నెత్తురు, ఒక చెవి. ఆ చెవికి కత్తిరింపులున్నాయి, ఎవరి రెయిన్‌డీర్ అన్నది ఆ కోతల్ని బట్టే తెలుస్తుంది. అది ఆవిడ కూతురి గుర్తు.

డబ్బు లెక్క వినండి, నాకు ఆశ్చర్యమేసింది అక్కడే. స్వీడన్‌లో వోల్వరిన్‌ని 1969 నుంచి అనుమతి లేకుండా చంపకూడదు. 1996 నుంచి వీళ్ళకి పరిహారం చచ్చిన రెయిన్‌డీర్లని బట్టి కాదు, తమ మేత ప్రాంతంలో వోల్వరిన్ ఎన్నిచోట్ల పిల్లలు పెట్టిందో దాన్ని బట్టి ఇస్తున్నారు! ఎండాకాలం రాకముందే ప్రభుత్వ సిబ్బంది, కాపరులు మంచు మీద అడుగులు పట్టుకుని గుహలు వెతుకుతారు, పిల్లలున్నాయని ఖాయమైతే ఒక్కో గుహకి 2,00,000 క్రోనార్లు, అంటే మన లెక్కలో పదిహేను లక్షల పైమాటే. మా వైపు తోడేలు గొర్రెను ఎత్తుకుపోతే మిగిలేది బొచ్చే, దేన్ని చూపించి అర్జీ పెట్టాలి? ఆ లెక్కన ఇది తెలివైన పద్ధతేనని నేనన్నాను. తిరిగొచ్చాక చదివితే 2002 నుంచి 2012 మధ్య పిల్లలు పెట్టిన వోల్వరిన్ల సంఖ్య రెట్టింపు దాటిందని కూడా తెలిసింది.

ఆవిడ మాత్రం తల ఊపలేదు. ఆ డబ్బు సామెబీకి, అంటే కలిసి మేపుకునే కాపరుల సంఘానికి వెళ్తుంది, ఎవరి పశువు పోయిందో వాళ్ళ చేతికి నేరుగా రాదు. ఏళ్ళ తరబడి ఆ రెండు లక్షలే, మంద వెంట తిరిగే బండ్ల పెట్రోలు ధర మాత్రం ఆగలేదు. పైగా మార్చిలో పోయేది ఒకటి కాదు, కడుపులోదీ పోతుంది, అది పెరిగి ఈనబోయే పిల్లలూ పోతాయి. 2013లో పార్లమెంటు ఒక సామెబీలో ఇలాంటి జంతువుల వల్ల నష్టం మందలో నూటికి పది దాటకూడదని హద్దు పెట్టింది. "ఏ రైతునైనా నీ మందలో పదోవంతు అడవికి వదిలెయ్యి అంటే ఒప్పుకుంటాడా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంత చెప్పి కూడా, వోల్వరిన్ అసలు ఉండకూడదని మాత్రం ఆవిడ ఒక్కసారీ అనలేదు, నాకు అదే ఎక్కువ గుర్తుండిపోయింది. పక్కన నార్వేలో పరిహారం చచ్చినవాటి లెక్క మీదే ఇస్తారు, ఏడాదికి 39 చోట్ల పిల్లలు పెడితే చాలని వాళ్ళ టార్గెట్, మించితే వేటకి అనుమతిస్తారు. అది మంచిదా ఇది మంచిదా అని అడిగితే నవ్వి మంటలో ఇంకో కట్టె వేసింది.

రాత్రి వీడియో కాల్‌లో మామయ్యకి ఇదంతా చెప్తే, "తోడేలు ఈనితే మాకు డబ్బులా? గవర్నమెంటుకి చెప్పు, నేనే దానికి పాలు పోస్తా" అన్నాడు.

ఇక వెళ్ళేవాళ్ళకి: వోల్వరిన్ కనిపిస్తుందా అని అడగకండి, ఆవిడే దాన్ని చూసింది కొద్దిసార్లట. భోజనం పొగబెట్టిన రెయిన్‌డీర్ మాంసం, ఉప్పగా చాలా బాగుంది, కానీ మా వెజిటేరియన్ ఫ్రెండ్‌కి బ్రెడ్డూ చీజే గతి, ముందే మెయిల్ పెట్టుకోండి. గ్లోవ్స్ రెండు జతలు వేసుకోండి. వీలైతే సైటులో కాకుండా నేరుగా వాళ్ళకే ఫోన్ చేసి బుక్ చేసుకోండి, స్లెడ్జి వద్దు కూర్చుని మాట్లాడతామంటే రేటు కూడా తగ్గిస్తామన్నారు.