పేరు పడని వాళ్ళ వీధుల్లో: బ్రాంక్స్, హార్లెమ్, క్వీన్స్

మా నాన్న విజయవాడలో ఆర్కెస్ట్రాల్లో డోలక్ వాయించేవారు. క్యాసెట్ కొంటే ముందు అట్ట తిప్పి చూసేవారు, వాద్యాలు ఎవరో రాశారేమోనని. దాదాపు ఎప్పుడూ ఉండేది కాదు. ఆ అలవాటు నాకూ వచ్చింది. కాలేజీలో పాత హిప్ హాప్, అంటే ర్యాప్ సంగీతం పిచ్చి పట్టాక, పాడినవాళ్ళ కంటే ఆ బీట్ (దరువు) ఎవరు కట్టారు, డ్రమ్స్ ఎవరివి అనే వెతికేవాణ్ణి. 2024 జూన్‌లో న్యూయార్క్ వెళ్ళే వీలు దొరికితే, చూడాల్సిన జాబితాలన్నీ పక్కన పెట్టి నాలుగు రోజులూ ఆ మనుషుల వీధులకే ఇచ్చాను.

ముందు బస సంగతి. మొదటి రెండు రాత్రులు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బాబాయి వాళ్ళింట్లో ఉన్నాను. పిన్ని గోంగూర పచ్చడి వదిలి రావడం కష్టమే కానీ, మాన్‌హట్టన్‌లోని పెన్ స్టేషన్ చేరేసరికే గంట, అక్కణ్ణించి బ్రాంక్స్‌కి ఇంకో ముప్పావుగంట. రోజులో దాదాపు నాలుగు గంటలు రైళ్ళలోనే పోయాయి. మాన్‌హట్టన్ వరకైతే ఎడిసన్ నుంచి తిరగొచ్చు, బ్రాంక్స్, క్వీన్స్ చూడాలంటే మాత్రం వద్దు. తర్వాత క్వీన్స్‌లోని లాంగ్ ఐలండ్ సిటీలో ఒక హోటల్‌కి మారాను. గది చిన్నది, శుభ్రంగా ఉంది, 7 నంబరు ట్రైన్ ఐదు నిమిషాల దూరం. కానీ బుకింగ్‌లో నాకు కనిపించని ఫెసిలిటీ ఫీజు బిల్లులో రోజుకు 30 డాలర్ల చొప్పున పడింది. డబ్బు కట్టే ముందే ఫోన్ చేసి ఆ ఒక్కటీ అడగండి. సబ్‌వేకి పాస్ కొనక్కర్లేదు. ఒకే కార్డుతో ట్యాప్ చేస్తూ పోతే చాలు. అప్పుడు టికెట్ 2.90 డాలర్లు, వారంలో 34 డాలర్లు దాటాక మిగతా ప్రయాణాలు ఉచితంగా ఉండేవి.

బ్రాంక్స్‌కి మొదటి రోజు ఒక వ్యాన్ టూర్‌లో వెళ్ళాను. వ్యాన్ 50 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, సెడ్జ్‌విక్ అవెన్యూ దగ్గర ఏడు నిమిషాలు ఆపి ఫొటోలు దిగమన్నారు. మనసొప్పక మర్నాడు 4 నంబరు ట్రైన్ ఎక్కి, మౌంట్ ఈడెన్‌లో దిగి నడుచుకుంటూ మళ్ళీ వెళ్ళాను. హిప్ హాప్ పుట్టిల్లని చెప్పుకునే 1520 నంబరు భవనం. 1973 ఆగస్టు 11న సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచే ముందు కొత్త బట్టలకు డబ్బుల కోసం ఇక్కడ పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. రికార్డులు వేసింది ఆమె అన్న కూల్ హెర్క్. ఆయన పేరు అందరికీ తెలుసు. మైకులో స్నేహితుల పేర్లు పిలుస్తూ జనాన్ని ఊపిన కోక్ లా రాక్ పేరు ఎంతమందికి తెలుసు? అది ఇప్పటికీ జనం కాపురముండే భవనం, లోపలికి వెళ్ళకూడదు. ఎదురుగా నిలబడి చూడండి. పక్కనే హైవే హోరు. సరుకుల సంచులతో ఓ పెద్దావిడ లోపలికి వెళ్తుంటే తలుపు పట్టుకున్నాను, అంతే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే బ్రాంక్స్ ర్యాపర్ కథ. 1979లో 'రాపర్స్ డిలైట్' అనే ర్యాప్ పాట ప్రపంచమంతా మోగింది. అందులో బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన మాటలు కాజ్ నోటు పుస్తకంలోవి. హ్యాంక్ కాజ్ బృందానికి మేనేజరు, ఎంగిల్‌వుడ్‌లో పిజ్జా షాపులో పనిచేసేవాడు. ఎంత తొందరలో రాసుకున్నాడో గానీ, కాజ్ తన పేరు కాసనోవాని అక్షరం అక్షరంగా చెప్పుకునే వాక్యం కూడా మార్చకుండా పాడేశాడు. రికార్డు లేబుల్ మీద హెచ్. జాక్సన్ అని ఉంటుంది, అది హ్యాంక్ అసలు పేరు. కాజ్ పేరు లేదు. ఆ పాట తెచ్చిన రికార్డు కంపెనీ నడిచిన ఎంగిల్‌వుడ్ మనవాళ్ళు ఇంతమంది ఉండే న్యూజెర్సీలోనే ఉంది. బాబాయికి చెబితే ఇరవై ఏళ్ళుగా ఆ ఊరి మీదుగా వెళ్తున్నా తెలియదన్నారు. హష్ టూర్స్ అనే హిప్ హాప్ టూర్ కంపెనీ వాళ్ళకు కాజ్ స్వయంగా గైడుగా పనిచేశాడు. నేను ముందే కనుక్కుని ఆయన ఉన్న రోజుకు బుక్ చేసుకోవాల్సింది. మీరు వెళ్తే అలా చేయండి.

హార్లెమ్‌లో 125వ వీధి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. బాబీ రాబిన్సన్ 1946లో తెరిచిన రికార్డుల షాపు 2008లో మూతపడింది. ఆయన రికార్డు కంపెనీ ఎంజాయ్ కోసం డ్రమ్స్ వాయించిన పంప్‌కిన్ అనే అతన్ని తలుచుకుంటూ ఆ వీధి చివరి దాకా నడిచాను. శాంపిలర్లు (పాత రికార్డుల ముక్కలు ఎక్కించి వాయించే మెషీన్లు) రాకముందు ర్యాప్ వెనక వినిపించేది ఇలాంటి మనుషుల చేతులే.

క్వీన్స్ రోజు బాగుంది. పొద్దున్నే ఫ్లషింగ్ గణేశుడి గుడికి వెళ్ళి, కింద క్యాంటీన్‌లో దోసె తిని, జమైకాకి బస్సెక్కాను. అక్కడే ఎక్కడో 1212 స్టూడియో ఉండేది, పాల్ సి అనే సౌండ్ ఇంజనీరు పనిచేసిన చోటు. జమైకా అవెన్యూ మీద గంటన్నర తిరిగినా నాకు ఏ గుర్తూ కనిపించలేదు. అతని పనితనం కాస్త చెప్పాలి. ఎస్‌పీ-1200 అనే శాంపిలర్ మెషీన్‌లో పది సెకన్ల శబ్దమే పడుతుంది. అందుకే నిమిషానికి 33 తిప్పుల వేగం రికార్డుని 45 వేగంలో తిప్పి ఎక్కించి, లోపల మళ్ళీ నెమ్మది చేసేవాళ్ళు. పాత స్టీరియో రికార్డుల్లో డ్రమ్స్ ఒక పక్కకే ఉంటే, పాల్ సి రెండో పక్కను వదిలేసి డ్రమ్స్‌ని విడిగా లాగేవాడు. వాటిని ముక్కలు చేసి కొత్త దరువు కట్టేవాడు. లార్జ్ ప్రొఫెసర్ అనే బీట్ మేకర్ ఈ విద్య అతని దగ్గరే నేర్చుకున్నాడు. 1989 జులైలో రోజ్‌డేల్‌లోని ఇంట్లో పాల్ సిని కాల్చి చంపారు. వయసు 24. అప్పటికి ఎరిక్ బి, రకీమ్ అనే ర్యాప్ జంట ఆల్బమ్ మీద పనిచేస్తున్నాడు. అది 1990లో వచ్చింది, క్రెడిట్స్‌లో అతని పేరు లేదు.

అక్కణ్ణించి ఇంకో బస్సులో హాలిస్. 205వ వీధి మూలన రన్ డీఎంసీ అనే ర్యాప్ బృందం పేరున బోర్డు, వాళ్ళ డీజే జామ్ మాస్టర్ జే బొమ్మ వేసిన గోడ. చూడాల్సిన చోటే. పక్కనే సెయింట్ ఆల్బన్స్‌లో పెరిగిన నిర్మాత ల్యారీ స్మిత్ కోసం కూడా వచ్చాను నేను. రన్ డీఎంసీ మొదటి రెండు ఆల్బమ్‌లలో ఆయన చెయ్యి ఉంది. 1983లో వచ్చిన 'సకర్ ఎంసీస్' వినండి: డీఎంఎక్స్ డ్రమ్ మెషీన్, చప్పట్లు, రికార్డు గోకుడు (స్క్రాచ్), గొంతులు, ఇంకేం లేవు. అసలు ఆయన బాస్ గిటార్ వాద్యకారుడు, అయినా ఆ పాటలో బాస్ పెట్టకుండా ఆగాడు. అంత నిగ్రహం ఎంతమందికి ఉంటుంది! 2007లో పక్షవాతం వచ్చింది, 2014లో పోయాడు.

తిరుగు దారిలో ఒక చిన్న పాత రికార్డుల షాపులో హూడీని అనే ర్యాప్ బృందం వాళ్ళ 1984 ఆల్బమ్ 'ఎస్కేప్' దొరికింది. అట్ట అంచు చిరిగింది. వెనక మాత్రం ల్యారీ స్మిత్ పేరు స్పష్టంగా ఉంది. ఫొటో తీసి నాన్నకు పంపాను, కింద పాట లింకు పెట్టి. విజయవాడలో అప్పటికి తెల్లారింది. కాసేపటికి ఫోన్ చేశారు. "పేరు చదివాను రా. ఆ బాసు కూడా ఇతనేనా వాయించింది?"