తుపాను రాత్రులకు పెద్దక్షరాల తెలుగు బైబిల్

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో తుపాను వచ్చిందంటే ముందు కరెంటు పోతుంది, తర్వాత ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోతుంది. అప్పుడు అక్కరకొచ్చేది రెక్సిన్ అట్ట, జిప్పు ఉన్న ఈ పెద్దక్షరాల బైబిలే. కొవ్వొత్తి వెలుగులో పెద్దవాళ్లు కూడా తడుముకోకుండా చదవగలరు.

కాగితం మాత్రం మరీ పలచన. ఉప్పుగాలికి చెమ్మ పట్టి పేజీలు అతుక్కుంటాయి, లాగితే చిరుగుతాయి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పైఅరలో పెట్టాలి. తడిస్తే ఎండలో కాదు, నీడన విప్పి ఆరబెట్టాలి. జిప్పు పట్టేస్తే కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు.

రిబ్బన్ ఒక్కటే ఇచ్చారు, అదే పెద్ద లోటు. దాన్ని 46వ కీర్తన దగ్గర ఉంచండి. 11 వచనాలే, కానీ సముద్రం ఘోషించినా, కొండలు కదిలినా చెదరని ఆశ్రయం అందులో ఉంది. మార్కు సువార్త 4వ అధ్యాయం, 35 నుంచి 41 వచనాల దగ్గర కాగితం ముక్క పెట్టుకోండి. యేసు గాలిని గద్దించి సముద్రాన్ని నిమ్మళింపజేసిన చోటు అది. గాలి హోరులో ఆదికాండం నుంచి మొదలెడితే మనసు నిలవదు. ఒకరు పైకి చదివితే ఇంటిల్లిపాదీ వింటూ ప్రార్థనలోకి వెళ్లగలరు.

భాష గ్రాంథికం. ఫిలిప్పీ పత్రిక 4:6లో ‘చింతపడకుడి’ అంటే దిగులు పడొద్దని పిల్లలకు విడమర్చి చెప్పాలి. ఒక్కసారికే గుండెదడ తగ్గకపోతే అదే భాగాన్ని మళ్లీ, ఇంకా నిదానంగా చదవండి.