మానసిక వార్డులో పనులు పంచాలా, రోగులను పంచాలా?

నర్సులకు డ్యూటీ రెండు రకాలుగా వేయొచ్చు. ఒకటి, పనులు పంచడం: మాత్రలు ఒకరు, ఇంజెక్షన్లు ఒకరు, బీపీ చూసి కేస్ షీటు రాసేది మరొకరు. రెండోది, రోగులను పంచడం: ఈ పదిమంది నీకు, ఆ పదిమంది ఆమెకు. వాళ్ల మందులు, తిండి, నిద్ర, ఏడుపు, అలక అన్నీ ఆ నర్సే చూసుకోవాలి.

మొదటి పద్ధతిని తీసిపారేయలేం. వార్డు నిండా రోగులుండి రాత్రి డ్యూటీలో ఇద్దరే ఉంటే, తెల్లారేలోపు పని తెమలాలంటే అదే దారి. ట్రాలీ ఒకరి చేతిలో ఉంటే మందుల లెక్క కూడా తేలిగ్గా తేలుతుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, తీవ్ర మానసిక జబ్బులకిచ్చే హాలోపెరిడాల్ లాంటి మందు మొదలుపెట్టాక కొందరికి కాళ్లు ఒకచోట నిలవవు. కూర్చోలేరు, పడుకోలేరు, వరండా అంతా తిరుగుతూనే ఉంటారు. మందు వల్ల వచ్చే ఈ ఇబ్బందిని అకతీసియా అంటారు. పైకి మాత్రం జబ్బు ముదిరినట్టే కనిపిస్తుంది. ట్రాలీ సిస్టర్ నోరు తెరిపించి, మాత్ర మింగాడో లేదో చూసి వెళ్లిపోతుంది. షీటు రాసే ఆమె ‘అశాంతిగా ఉన్నాడు’ అని రాస్తుంది. అది చూసి డాక్టరు డోసు పెంచితే బాధ ఇంకా ఎక్కువవుతుంది. అదే మనిషిని నాలుగు రోజులుగా చూస్తున్న నర్సయితే, “మొన్న కుదురుగా కూర్చుని క్యారమ్స్ ఆడావు కదా బాబూ, ఇవాళేమైంది?” అని అడుగుతుంది. “మనసు బాగానే ఉంది సిస్టర్, కాళ్లే ఊరుకోవట్లేదు” అన్న జవాబు ఆమెకే దొరుకుతుంది.

నర్సింగంటేనే మనిషికీ మనిషికీ మధ్య నడిచే సంబంధమని అమెరికా నర్సింగ్ సిద్ధాంతకర్త హిల్డెగార్డ్ పెప్లౌ 1952లోనే రాశారు. నర్సింగ్ పరీక్షలో అందరం రాసి మార్కులు తెచ్చుకున్నదే. డ్యూటీ చార్టులోనే దానికి చోటు దొరకదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగిని ఒంటరిగా గదిలో బంధించకూడదు. తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడు తప్ప కట్టేయకూడదు. అంత దూరం రాకుండా ఆపాలంటే, ఎవరికి ఏ మాటతో కోపం వస్తుందో తెలిసిన మనిషి వార్డులో ఉండాలి.

రెండో పద్ధతికీ ఇబ్బందులున్నాయి. “ఆ సిస్టర్ ఇస్తేనే మింగుతా” అని మొండికేసేవాళ్లుంటారు. నర్సే తనకు విషం పెడుతోందని అనుమానించే రోగికి మనిషిని మార్చక తప్పదు. “ఎవరికీ చెప్పకండి” అంటూ చచ్చిపోవాలనుందని చెబితే దాచకూడదు. డాక్టరుకు చెప్పాల్సి వస్తుందని మొదటిరోజే చెప్పి ఉంచాలి.

నా ఓటు రోగులను పంచడానికే, అదీ పగటి డ్యూటీలకు. రాత్రికి పాత పద్ధతే ఉండనివ్వండి. పొద్దున ట్రాలీ కూడా ఒకరికే వదిలేసి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి రోగులతో వాళ్లు కాసేపు కూర్చుంటే చాలు. అయితే రెండు రోజులకోసారి షిఫ్టు మార్చే చోట ఇది కుదరదు. కనీసం వారం పాటు ఒకే షిఫ్టు ఇవ్వాలి. ఆఫ్ తీసుకునే ముందురోజు, మర్నాడు వచ్చే సిస్టర్‌ని వెంటబెట్టుకెళ్లి పరిచయం చేస్తే మాత్రల దగ్గర పేచీ చాలావరకు తగ్గుతుంది.