లాండ్‌మన్నలాయ్‌గర్ క్యాంప్‌సైట్: కొండలకి నూటికి నూరు, నేలకి పాస్ మార్కులు

ఐస్‌లాండ్ నడిమధ్య కొండప్రాంతమైన హైల్యాండ్స్‌లో బండేసుకుని తిరిగేవాళ్లలో చాలామంది ఏదో ఒక రోజు ఈ లాండ్‌మన్నలాయ్‌గర్‌లో టెంట్ వేస్తారు. పసుపు, గులాబీ, ఆకుపచ్చ చారల రయోలైట్ (అగ్నిపర్వతపు రాయి) కొండలు, వాటి కింద 1477 ప్రాంతంలో పారిన నల్లటి లావా, ఆ లావా అంచునే క్యాంప్. చూడ్డానికి వంక పెట్టలేం. వంకలన్నీ దారిలోనూ నేలలోనూ ఉన్నాయి.

రెక్యావిక్ నుంచి వస్తే ఉత్తరం వైపు ఎఫ్208 అనే కొండదారి పట్టుకోండి. దక్షిణం వైపు నుంచి వస్తే దారి పొడుగునా వాగులే. ఇలా ఎఫ్ అక్షరమున్న కొండదారుల మీద ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి) తప్పనిసరి. మామూలుగా జూన్ చివరికి గానీ తెరవరు. పైన బంకు లేదు కాబట్టి దారిలో వచ్చే హ్రాయ్‌నెయార్ దగ్గరే ట్యాంకు నింపాలి.

అసలు చిక్కు క్యాంప్ గుమ్మంలో ఉంది. పక్కపక్కనే రెండు వాగులు. నీళ్లు ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్ గాలి పీల్చే గొట్టం) దాకా లేస్తే ఇంజిన్ గాలికి బదులు నీళ్లు పీల్చుకుంటుంది. నీళ్లు గాలిలా నొక్కితే కుంచించుకుపోవు, దాంతో ఇంజిన్ లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. వాగులో పాడైన బండికి అద్దె ఇన్సూరెన్సులు సాధారణంగా పైసా ఇవ్వవు. దాటక తప్పదంటే లో రేంజ్ (ఫోర్ బై ఫోర్‌లో మెల్లగా, బలంగా లాగే సెట్టింగ్), మొదటి గేరు, నడక వేగం. మధ్యలో ఆగొద్దు, గేరు మార్చొద్దు. వానపడిన రోజైతే ఆ మాటే వద్దు. ఇవతలే బండి ఆపి, కాలివంతెన మీదుగా సామాను మోసుకెళ్లడం మేలు. పరువేమీ పోదు.

నేల దిమ్మిస కొట్టినట్టు గట్టి కంకర. టెంటుతో వచ్చే సన్న అల్యూమినియం మేకులు రెండు దెబ్బలకే వంగుతాయి. లావుపాటి ఉక్కు మేకులు, సుత్తి తెచ్చుకోండి. అవీ దిగని చోట తాడు కొసని చిన్న రాయికి చుట్టి, దానికి టెంట్ వైపున పెద్ద రాయి పెడితే ఎంత లాగినా కదలదు. లేచేటప్పుడు ఆ రాళ్లు తీసి పక్కన పెట్టండి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి టెంటులో ఎత్తు తక్కువున్న కొసని అటు తిప్పాలి. బండి పైకప్పు మీద వేసే రూఫ్‌టాప్ టెంటుకి మేకుల బాధ లేదు గానీ, గాలి హోరులో రాత్రంతా ఉయ్యాలే.

వంట సంగతి. క్యాంప్ దగ్గరి హట్ (బస చేసే ఇల్లు) లోని వంటగది టెంట్ వేసేవాళ్లకి కాదు, స్టవ్ మనదే ఉండాలి. ఉత్త బ్యూటేన్ డబ్బా కొనకండి. సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరవ్వదు, మంట దీపంలా మిణుకుమంటుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బా తీసుకుని, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుంటే పొద్దున్నే ఉప్మాకి ఇబ్బంది ఉండదు. గ్యాస్ విమానంలో తేనివ్వరు, రెక్యావిక్‌లోనే కొనాలి. ఎంత చలేసినా టెంటు లోపల మాత్రం స్టవ్ వెలిగించొద్దు.

లావా కింద నుంచి ఊరే వేడినీళ్లు చన్నీళ్ల వాగుతో కలిసే మడుగే ఇక్కడి భోగం. వేడి సరిపోకపోతే ఊట వైపు జరగండి, ఎక్కువైతే వెనక్కి. ఆగస్టులో దిగేవాళ్లు మాత్రం ముందు వార్డెన్‌ని అడగాలి: బాతుల నుంచి వచ్చే ఒక పరాన్నజీవి వల్ల ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, దురద పట్టుకోవడం ఈ మడుగులో ఉన్నదే.